శ్రీకాకుళం నుంచి భువనేశ్వర్‌కి ఇల్లు మారుతుంటే: ఏ బండిలో, ఎవరి చేతుల మీదుగా

మా ఆయనకి మొదటిసారి భువనేశ్వర్ ట్రాన్స్‌ఫర్ అయినప్పుడు మేం చూసుకున్నది ఒక్కటే, ఎవరు తక్కువ రేటు చెబితే వాళ్లకి సామాను అప్పజెప్పడం. అలాగే అప్పజెప్పాం. సామాను చేరడానికి తొమ్మిది రోజులు పట్టింది. అన్ని రోజులూ ఇద్దరు పిల్లలతో ఖాళీ ఇంట్లో చాపల మీద పడుకున్నాం. తీరా వచ్చాక చూస్తే గ్రైండర్ రాయి పగిలి ఉంది, బీరువా తలుపు లోపలికి నొక్కుకుపోయింది, మా అత్తగారి టేకు మంచానికి ఒక కోడు లేదు. ఆ కోడు ఇప్పటికీ దొరకలేదు.

మూడేళ్ల తర్వాత తిరిగి శ్రీకాకుళం వచ్చేటప్పుడు వేరే పద్ధతిలో వచ్చాం. ఒక్క గాజు గ్లాసు కూడా పగల్లేదు. అప్పటి నుంచి మా చుట్టాల్లో ఎవరు బరంపురం వెళ్తున్నా, భువనేశ్వర్ వెళ్తున్నా ముందు నాకే ఫోన్ చేస్తారు. వాళ్లందరికీ విడివిడిగా చెప్పిందే ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

శ్రీకాకుళం నుంచి భువనేశ్వర్ 16వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 330 కిలోమీటర్లు. విజయనగరం నుంచి అయితే ఇంకో 70 కలుపుకోండి. నరసన్నపేట, టెక్కలి, పలాస, ఇచ్ఛాపురం దాటితే ఒడిశా. అక్కడి నుంచి బరంపురం, చిలకా సరస్సు పక్కన బాలుగాం, ఖుర్దా మీదుగా వెళ్లిపోతాం. లోడుతో ఉన్న వ్యాన్‌కి ఎనిమిది తొమ్మిది గంటల ప్రయాణం. హైదరాబాద్ నుంచి ఢిల్లీకో ముంబైకో మారేవాళ్లకి ఇచ్చే సలహాలు మనకి సరిపడవు. వాళ్ల సామాను రోజుల తరబడి రోడ్డు మీద ఉంటుంది, దారిలో గోడౌన్లలో ఆగుతుంది. మనది ఒక్క రాత్రి దూరం. మన గుమ్మంలో ఎక్కిన సామాను మధ్యలో ఎక్కడా దిగకుండా అక్కడి గుమ్మంలోనే దిగే వీలు మనకుంది. సామాను ఎక్కువగా దెబ్బతినేది ఎత్తి దించేటప్పుడే. కాబట్టి రేటు కంటే ముందు ఎవరినైనా అడగాల్సిన ప్రశ్న, "దారిలో బండి మారుస్తారా?" అని.

షేరింగ్ లోడు

ఒకే లారీలో నాలుగైదు ఇళ్ల సామాను వేసుకుని తీసుకెళ్లే పద్ధతి ఇది. రేటు బాగా తక్కువ చెబుతారు, మేం పడిపోయింది అక్కడే. మన సామాను ముందు వాళ్ల గోడౌన్‌కి వెళ్తుంది. లారీ నిండే దాకా అక్కడే ఉంటుంది. తర్వాత పెద్ద లారీలోకి ఎక్కుతుంది, అక్కడ దిగాక మళ్లీ చిన్న బండిలో మన ఇంటికి వస్తుంది. లెక్కపెట్టండి, కనీసం మూడుసార్లు ఎక్కించి మూడుసార్లు దించుతారు. ప్రతిసారీ వేరే మనుషులు. మా మంచం కోడు ఏ గోడౌన్‌లో ఆగిపోయిందో చెప్పగలిగేవాళ్లు ఒక్కరూ లేకపోవడానికి అదే కారణం.

దూరం వెయ్యి కిలోమీటర్లు దాటితే ఈ పద్ధతికి అర్థముంది, పూర్తి లారీ ఖర్చు భరించలేం. 330 కిలోమీటర్లకి దీనిని ఎవరికీ చెప్పను. ఒక్కరికి మాత్రం మినహాయింపు: పెళ్లి కాని కుర్రాడు, పది పెట్టెల లోపు సామాను, తొందర లేదు, పగిలేవి ఏమీ లేవు. అతనికి కూడా రైలు పార్సిల్ ఆలోచించమనే చెబుతాను.

పూర్తి బండి, అంతా ప్యాకర్స్ వాళ్లే

ఇంటికి వచ్చి చూసి, ప్యాక్ చేసి, ఎక్కించి, అక్కడ దించి, మంచాలు బిగించి వెళ్తారు. డబ్బు ఎక్కువే, కానీ కొన్ని ఇళ్లకి ఇదే సరైనది. ఇంట్లో మంచం మీద ఉన్న పెద్దవాళ్లు ఉంటే, చంటిపిల్ల ఉంటే, భార్యాభర్తలిద్దరూ చివరి రోజు దాకా డ్యూటీలో ఉంటే, అక్కడి ఇల్లు లిఫ్టు లేని మూడో అంతస్తు అయితే దీనికే వెళ్లండి. ఆఫీసువాళ్లు ఖర్చు తిరిగి ఇచ్చేట్టయితే ఇక ఆలోచించక్కర్లేదు. పక్కా బిల్లు కావాలి కాబట్టి ఇదే సులువు.

అయితే రేటు ఫోన్‌లో మాటగా ఒప్పుకోకండి. ఇంటికి వచ్చి చూడమనండి, లేదా వీడియో కాల్‌లో ప్రతి గది, అటక, బాల్కనీ చూపించండి. సామాను జాబితా, మొత్తం రేటు, అందులో ఏమేం కలిశాయో రాసి ఇవ్వమనండి. జీఎస్టీ కలిపా, విడిగానా? టోల్ ఎవరిది? అక్కడ మేడ మీదకి ఎక్కించే కూలి ఇందులోనే ఉందా? ఏసీ విప్పడం, బిగించడం ఎవరిది? తర్వాత గొడవలన్నీ ఈ నాలుగింటి దగ్గరే వస్తాయి. ఎవరి రేటైనా మిగతావాళ్ల కంటే మరీ తక్కువగా ఉంటే జాగ్రత్త పడండి. సామాను ఎక్కాక "అనుకున్న దానికంటే ఎక్కువ ఉంది" అని రేటు పెంచి, డబ్బు ఇచ్చేదాకా దించకుండా కూర్చునే ముఠాలు ఉన్నాయి. పెద్ద కంపెనీ పేరుకి దగ్గరగా ఉండే పేర్లు పెట్టుకున్నవాళ్లు కూడా ఉన్నారు. కొంత అడ్వాన్సు, కొంత లోడు ఎక్కాక, మిగిలింది సామాను దించి లెక్క చూసుకున్నాక. ఈ వరస ఒప్పుకోని వాళ్లని వదిలేయండి.

వాళ్లిచ్చే బిల్టీ (లారీ రశీదు) మీద సామాను విలువ ఎంతని రాస్తున్నారో కూడా చూడండి. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం ప్రకారం, ఎక్కువ విలువ చూపించి దానికి తగ్గ రేటు కట్టకపోతే, నష్టం జరిగినప్పుడు ట్రాన్స్‌పోర్టువాళ్ల బాధ్యతకి మనం కట్టిన కిరాయిని బట్టి ఒక పరిమితి ఉంటుంది. ఆ సంగతి మాకు తెలియలేదు. ఇంకోటి, దెబ్బతిన్న సామాను గురించి బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల లోపు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. మేం ఫోన్లు చేస్తూ, "చూస్తాం మేడమ్" అన్న మాట వింటూ ఆ గడువు దాటించేసుకున్నాం. ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ చేయించామని చెబితే, ఇన్సూరెన్స్ కంపెనీ ఇచ్చిన పాలసీ కాగితం చూపించమనండి. బిల్లులో "ఇన్సూరెన్స్" అని ఒక లైను రాసి డబ్బు తీసుకుంటే అది పాలసీ అయిపోదు.

మనమే బండి మాట్లాడుకుని, మన కళాసీలతో

మేం తిరిగి వచ్చింది ఇలాగే. రెండు గదుల ఇల్లు ఉన్న మామూలు కుటుంబానికి నా ఓటు దీనికే.

బండి, ప్యాకింగ్, సామాను ఎత్తి దించే కళాసీలు, ఈ మూడూ విడివిడిగా మాట్లాడుకోవాలి. బండి కోసం లారీ ఆఫీసులో "రిటర్న్ బండి ఉందా?" అని అడగండి. ఒడిశా నుంచి మన వైపు సరుకు దించి ఖాళీగా వెనక్కి వెళ్లే బండ్లు ఉంటాయి. ఎలాగూ ఖాళీగా వెళ్లాలి కాబట్టి కిరాయి బాగా తగ్గించి చెబుతారు. మనకి అటువైపు వెళ్లే బండి కావాలి, కాబట్టి ఓడీ నంబరు ఉన్న బండి మనకి లాభం. దారి, భాష, నగరంలో ఏ రోడ్డులో ఎప్పుడు వెళ్లొచ్చో డ్రైవర్‌కి తెలుసు. ఇబ్బంది ఒక్కటే, తేదీ మన చేతుల్లో ఉండదు. "అమ్మా, బండి రేపు పొద్దున్న ఖాళీ అవుతుంది, సిద్ధమేనా?" అని రాత్రి ఎనిమిదింటికి ఫోన్ వస్తుంది. మొత్తం ప్యాకింగ్ రెండు రోజుల ముందే ముగించి ఉంచుకునేవాళ్లకే ఇది కుదురుతుంది. తేదీ కచ్చితంగా కావాలంటే మన ఊరి బండే మాట్లాడుకోండి, రానూపోనూ కిరాయి ఇవ్వాలి.

మన ఊరి బండి అయితే పర్మిట్ అడగడం మర్చిపోకండి. మొత్తం బరువు 3,000 కిలోల లోపు ఉండే చిన్న గూడ్స్ బండ్లకి పర్మిట్ అక్కర్లేదు. అంతకంటే పెద్దవాటికి నేషనల్ పర్మిట్ ఉండాలి, లేదా ఒడిశాకి తాత్కాలిక పర్మిట్ తీసుకోవాలి. ఇచ్ఛాపురం దాటగానే గిరిసోల దగ్గర చెక్‌గేటు. అక్కడ బండి ఆగిపోతే సామానుతో పాటు మనమూ ఆగిపోతాం. ఇక మన సామాను సంగతి. వాడిన ఇంటి సామానుకి ఈ-వే బిల్లు అక్కర్లేదు, జీఎస్టీ నిబంధనల్లోనే ఆ మినహాయింపు ఉంది. కొత్తగా కొని, పెట్టె కూడా విప్పని ఫ్రిజ్జో టీవీయో ఉంటే దాని బిల్లు దగ్గర పెట్టుకోండి. సామాను జాబితా మీద సంతకం చేసి, ఆధార్ నకలు, ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ నకలు జతచేసి ఒక సెట్టు డ్రైవర్ చేతికి ఇవ్వండి.

బండి సైజు విషయంలో అందరూ పొరపాటు పడతారు. వంటిల్లు, ఒక గది ఉన్న ఇంటికి బొలెరో పికప్ సరిపోతుంది. రెండు పడకగదులకి 14 అడుగుల ఐచర్ లాంటిది, మూడు గదులకి 17 అడుగులది. స్కూటరు కూడా ఎక్కిస్తే దాని చోటు వేరే లెక్కపెట్టుకోండి. రెండు సైజుల మధ్య అనుమానం వస్తే పెద్దదే తీసుకోండి. చోటు చాలక ఫ్రిజ్ మీద పరుపు, పరుపు మీద కుర్చీలు ఎక్కించారంటే మిగిలిన కిరాయి రిపేరుకే పోతుంది. పైన కప్పు ఉన్న కంటైనర్ బండి దొరికితే ఇంకా మంచిది. దొరక్కపోతే రెండు పొరల టార్పాలిన్ అడగండి, అది ఎక్కడా చిరగలేదని పగలే పరిచి చూడండి.

కళాసీల మేస్త్రీతో మాట్లాడేటప్పుడు ఇద్దరిని బండితోపాటు పంపమనండి. వాళ్ల కూలి, భోజనాలు, తిరుగు రైలు టికెట్టు మనవే. ఇది అనవసరపు ఖర్చులా కనిపిస్తుంది, కానీ మొత్తం పద్ధతికి ప్రాణం ఇదే. ఎక్కించిన చేతులే దించుతాయి. ఏ మూట కింద గాజు సామాను ఉందో వాళ్లకి గుర్తుంటుంది. అక్కడ దించడానికి కొత్త మనుషుల్ని వెతుక్కుని, తెలియని భాషలో బేరమాడే టెన్షన్ ఉండదు. మేం వచ్చినప్పుడు అక్కడి నుంచి ఇద్దరు కుర్రాళ్లని ఇలాగే తెచ్చుకున్నాం. దించాక మా ఇంట్లోనే స్నానం చేసి, భోంచేసి, సాయంత్రం ఆమదాలవలసలో రైలెక్కారు.

ప్యాకింగ్ మనమే చేసుకుంటే వారం పడుతుంది. అట్టపెట్టెలు మందుల షాపుల్లో, కిరాణా కొట్లలో అడిగితే ఇస్తారు. స్టీలు గిన్నెలు గోనెసంచుల్లో కట్టొచ్చు. గాజు, పింగాణీ పాత చీరల్లో చుట్టండి, కాగితం కంటే చీరే నయం. పుస్తకాలు చిన్న పెట్టెల్లోనే పెట్టండి, పెద్ద పెట్టెలో పెడితే అడుగు ఊడిపోతుంది. గ్రైండర్‌లో రాయి తీసి విడిగా కట్టండి (మాది పగిలింది ఆ రాయి లోపలే ఉంచడం వల్ల). ముందు తలుపు ఉన్న వాషింగ్ మెషిన్‌కి, కొన్నప్పుడు వెనక నుంచి తీసిన బోల్టులు మళ్లీ బిగించాలి. లేకపోతే డ్రమ్ము ఊగి పాడవుతుంది. ఫ్రిజ్ నిలువుగానే వెళ్లాలి, దించాక కొన్ని గంటలు ఆగి స్విచ్ వేయాలి. ఇన్వర్టర్ బ్యాటరీ పక్కకి ఒరిగితే యాసిడ్ కారుతుంది, దానిని డ్రైవర్ వెనక గోడకి ఆనించి నిలబెట్టించండి. మంచం కోళ్లు, మేకులు, బోల్టులు అన్నీ ఒకే గుడ్డసంచిలో వేసి ఆ మంచం పట్టెకే కట్టేయండి. మాకు నష్టం నేర్పిన పాఠం అది.

రైలు

ఇంటి సామాను మొత్తానికి రైలు పనికిరాదు. స్కూటరుకీ కొన్ని పెట్టెలకీ మాత్రం బాగుంటుంది. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఆమదాలవలసలో ఉంది కాబట్టి అక్కడిదాకా వేరే బండి ఎలాగూ కావాలి. రైళ్లు ఆగేది కాసేపే, పార్సిల్ ఎక్కించడానికి ఏ రైలు వీలో ముందే వెళ్లి అడగాలి. స్కూటరు అయితే పెట్రోలు పూర్తిగా తీసేయాలి, ఆర్‌సీ నకలు, గుర్తింపు కార్డు ఇవ్వాలి, గోనెగుడ్డలతో ప్యాక్ చేయించాలి. అక్కడ చేరిన సామాను గడువులోపు తీసుకోకపోతే వార్ఫేజ్ అని అదనపు రుసుము పడుతుంది.

స్కూటరుని మన బండిలోనే ఎక్కించేస్తే ఇవన్నీ తప్పుతాయి. టికెట్టు మీద మన వెంట తీసుకెళ్లే సామాను సంగతి వేరు. స్లీపర్‌లో మనిషికి 40 కిలోలు, సెకండ్ ఏసీలో 50 కిలోల దాకా ఉచితం. ఇంట్లో నలుగురు వెళ్తుంటే అది తక్కువేం కాదు.

అమ్మేసి అక్కడ కొనడం

కొందరు ఇదే నయం అంటారు. సగం నిజం. పొట్టుచెక్కతో చేసిన రెడీమేడ్ అల్మరాలు, మంచాలు ఒకసారి విప్పితే మేకులు మళ్లీ పట్టవు. వాటిని మోసుకెళ్లడం దండగ, అమ్మేయండి. దిగబడిపోయిన ఫోమ్ సోఫా, పాత కూలర్ కూడా అంతే. టేకు, ఇనుప బీరువా, స్టీలు సామాను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ అమ్మకండి. పాతవాటికి ఇచ్చే ధరకి, అలాంటివి కొత్తగా కొనే ధరకి పోలికే లేదు. ఏడాదిలోపు తిరిగి వచ్చే పోస్టింగ్ అయితే ఇల్లు కదల్చకుండా, అక్కడ ఫర్నిచర్ ఉన్న ఇల్లు అద్దెకు తీసుకోవడం గురించి ముందు ఆలోచించండి.

ఎప్పుడు

అక్టోబరు రెండో వారం వద్దు. 2013 అక్టోబరు 12న పైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2014లో అదే తేదీన హుద్‌హుద్ విశాఖ దగ్గర. 2018 అక్టోబరు 11న తిత్లీ మన పలాస దగ్గర. మూడూ ఈ రోడ్డు పొడవునా ఉన్న ఊళ్లే. ఏటా వస్తుందని కాదు, వస్తే చెట్లు కూలి రోడ్డు మూతపడుతుంది, సామాను మధ్యలో ఇరుక్కుంటుంది. పైగా దసరా రోజుల్లో కళాసీలు దొరకరు. విజయనగరం అయితే దసరా తర్వాత వచ్చే మంగళవారం సిరిమానోత్సవం, ఊళ్లోకి బండి రావడమే కష్టం.

మనవాళ్లు ఆషాఢంలో కొత్త ఇంట్లో దిగరు. ఆ పట్టింపు లేనివాళ్లకి అప్పుడు బండ్లు సులువుగా దొరుకుతాయి. అయితే పూరీ రథయాత్ర కూడా ఆషాఢంలోనే, ఆ వారం భువనేశ్వర్ వైపు రోడ్లు కిక్కిరిసి ఉంటాయి. నెలాఖరు, నెల మొదటి రెండు రోజులు ఏ నెలలోనైనా గిరాకీ ఎక్కువ. ఇంటి యజమానితో మాట్లాడి 10 నుంచి 20 తేదీల మధ్య మారగలిగితే కిరాయిలో తేడా తెలుస్తుంది.

పిల్లలుంటే మాత్రం స్కూలు తేదీయే అన్నిటికీ మూలం. మన రాష్ట్రంలో బడులు జూన్‌లో తెరుస్తారు. ఒడిశాలో కొత్త తరగతులు ఏప్రిల్‌లోనే మొదలవుతాయి. జూన్‌లో వెళ్దామనుకుంటే అప్పటికే పాఠాలు జరిగిపోయి ఉంటాయి. పరీక్షలవగానే టీసీ తీసుకుని, వేరే రాష్ట్రానికి కాబట్టి దాని మీద విద్యాశాఖ అధికారి కౌంటర్ సంతకం కావాలేమో చేర్చుకునే స్కూలుని ముందే అడగండి. ఆ సంతకం కోసం మళ్లీ వెనక్కి రావడం చాలా శ్రమ.

బండి బయల్దేరే వేళ గురించి ఒక మాట. మధ్యాహ్నం లోపు లోడు చేసి మూడింటికి బయల్దేరితే అర్ధరాత్రికి ఖుర్దా వైపు చేరుతుంది. పెద్ద బండ్లకి నగరంలో పగటిపూట నిషేధం ఉండే వేళలు చూసుకుని, డ్రైవర్ అక్కడ కాసేపు నిద్రపోయి తెల్లవారుజామునే లోపలికి వస్తాడు. డ్రైవర్‌ని రాత్రంతా నిద్ర లేకుండా తోలమని ఒత్తిడి చేయకండి. మన సామాను కంటే ఆ మనిషి ముఖ్యం.

గ్యాసు, బండి కాగితాలు

నిండిన గ్యాస్ సిలిండరు సామానుతో పాటు ఎక్కించకూడదు. సిలిండరు, రెగ్యులేటరు ఏజెన్సీలో అప్పగిస్తే డిపాజిట్ తిరిగి ఇచ్చి టెర్మినేషన్ వోచర్ ఇస్తారు. అది చూపించి అక్కడ కొత్త కనెక్షన్ తీసుకోవచ్చు. స్టవ్ మనదే, తీసుకెళ్లొచ్చు.

కారు, స్కూటరు వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచితే అక్కడి నంబరు వేయించాలి. దానికి ఇక్కడి ఆర్‌టీఓ నుంచి నిరభ్యంతర పత్రం తీసుకోవాలి, ఫారం 28. ఊరు వదలకముందే దరఖాస్తు పెట్టండి, లోను మీద ఉన్న బండి అయితే బ్యాంకు అనుమతి కూడా కావాలి. ఏడాది లోపే తిరిగి వస్తామని కచ్చితంగా తెలిస్తే దీని జోలికి పోనక్కర్లేదు. ఓటు మార్చుకోవడానికి ఫారం 8.

బండెక్కించకూడనివి

బంగారం, కాగితాలు, సర్టిఫికెట్లు, మందులు మన వెంటే ఉండాలి. ఊరగాయ జాడీలు కూడా. నూనె కారితే పక్కనున్న పరుపు ఇక దేనికీ పనికిరాదు. ఆవకాయని మూత బిగిసే ప్లాస్టిక్ డబ్బాల్లోకి మార్చి, కవర్లో కట్టి రైల్లో తీసుకెళ్లండి. మా ఆడపడుచు దగ్గర బొబ్బిలి వీణ ఉంది, పనస చెక్కతో చేసింది. ఆమె దానిని ప్యాకర్స్‌కీ ఇవ్వలేదు, కళాసీలకీ ఇవ్వలేదు. రైల్లో కింది బెర్తు మీద పడుకోబెట్టి, తను పక్కన కూర్చుని భువనేశ్వర్ దాకా వచ్చింది. నేనైనా అలాగే చేసేదాన్ని.

ఇంకో సంచి విడిగా సర్దుకోండి: దేవుడి పటం, దీపం కుంది, పసుపు, కుంకుమ, ఒక కొత్త గిన్నె, గరిటె, రెండు రోజులకి సరిపడా బియ్యం, పప్పు. మొదటి రోజు గ్యాస్ కనెక్షన్ ఉండదు కాబట్టి ఒక ఇండక్షన్ స్టవ్ కూడా ఆ సంచిలోనే పెట్టండి, గిన్నె దానికి పనికొచ్చే స్టీలుదై ఉండాలి. దారిలో పొద్దున్నే ఒక పాల ప్యాకెట్టు కొనుక్కుంటే, బండి వచ్చేలోపు కొత్త ఇంట్లో పాలు పొంగించుకోవచ్చు.